రెండు వెంట్రుకలు తెమ్మన్నాను

ఫోను చేస్తే మోగుతుంది. మోగితే ఎలుగుబంటి వింటుంది. చేయకపోతే మా ఆయన పోయి దాని వీపు మీద చెయ్యి వేస్తాడు, వెయ్యమన్నది నేనే. గోడ గడియారంలో ఐదుకు పది నిమిషాలు తక్కువ. తలుపు గడియ పెట్టి ఉంది, కిటికీ రెక్క మూసి ఉంది, పొద్దుటి నుంచి ఎండ తాగిన రేకులు తాగిందంతా ఇప్పుడు మా మీదికి వదులుతున్నాయి, పాప నా తొడ మీద చెమటకు అతుక్కుని నిద్రపోతోంది. ఆటోకు మైకు కట్టుకుని గల్లీలో రెండుసార్లు తిరిగారు. ఎలుగుబంటి గుట్ట మీద ఉన్నది, ఎవ్వరూ బయటికి రావొద్దు, పిల్లలను లోపలనే పెట్టుకోవాలె. గడ్డపోతారంలో ఎప్పుడూ మైకు వస్తే ఉల్లిగడ్డలో, పాత ఇనుమో అనుకుంటాం. ఈసారి మైకు పోయాక గల్లీలో కుక్క కూడా అరవలేదు. పక్క గదిలోని బీహారు ఆమె మాత్రం గోడ అవతలి నుంచి ఒకసారి పిలిచింది, "భాభీ, భయ్యా ఆయా క్యా?" అని. "నై ఆయా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చి గదిలోనే తిరుగుతోంది, ఫ్యాను దాన్ని మళ్ళీ మళ్ళీ నా చెవి దగ్గరికే తెస్తోంది.

పొద్దున ఏడింటికి కంపెనీ మెస్సు వెనక, పారబోసిన అన్నం దగ్గర కనిపించిందట. జనం కేకలు వేస్తే బోడగుట్ట ఎక్కి రాతిగుండ్ల సందులో దూరిందట. పదకొండింటికల్లా ఫారెస్టోళ్ళు వలలూ బోనూ మత్తుసూది తుపాకీ తెచ్చుకున్నారు. గుట్ట మాత్రం వాళ్ళకు తెలియదు. ఏ గుండు వెనక ఏ సందు ఉందో, ఏ సందు లోపల గుహ అవుతుందో, ఎటు ఎక్కితే గాలి మన వాసనను దాని మీదికి తీసుకుపోదో తెలిసినవాళ్ళు ఎవరంటే, మా మామ చిన్నరాములు పేరు చెప్పారట. ఇరవై ఏళ్ళు ఆ గుట్ట మీదే మేకలు మేపాడు మామ. ఆయన పోయి నాలుగేళ్ళయింది, వెంట తిరిగిన కొడుకు ఉన్నాడు కదా అన్నారట. శివకుమార్ సార్ అని ఫారెస్టాయన, ఖాకీ బట్టలు చెమటకు నల్లబడి, మా గడప ముందు నిలబడ్డాడు. "నవీన్‌కుమార్ అంటె నువ్వేనా? గుట్ట తొవ్వలన్నీ నీకు ఎర్కనట గద. గైడ్‌గ రావాలె తమ్మీ" అన్నాడు. ఆ మాటకు మా ఆయన ముఖం వెలిగింది. కంపెనీలో ఎనిమిదేళ్ళ నుంచి హెల్పరు, ఒకసారి అరే అంటారు, ఒకసారి ఓయ్ అంటారు. మధ్యాహ్నం షిఫ్టు ఎగ్గొట్టి, కంపెనీ ఇచ్చిన ఇనుప మూతి బూట్లు వేసుకుని వంగి తాళ్ళు కట్టుకుంటుంటే నేను పక్కన నిలబడ్డాను. వద్దు, పోకు అనాల్సిన నోరు.

"రెండంటె రెండు వెంట్రుకలు తేరాదు" అన్నాను.

"గుడ్డెలుగు ఏమన్న మేకపిల్లనా, అడిగితె ఇచ్చేతందుకు?"

"సూది ఏసినంక పండుకుంటది గద."

"పండుకుంటె తెస్త తీ. నువ్వు జడ అల్లుకునేటంత తెస్త."

నవ్వుకుంటూనే పోయాడు. నేనూ నవ్వాను. నవ్వకపోయి ఉంటే సరదాకు అన్నాననుకునేవాడేమో, నవ్వాను కాబట్టే ఆశతో అడుగుతున్నానని తెలిసిపోయిందేమో. తెలుస్తుంది ఆయనకు. నాకేదైనా కావాలంటే నవ్వుతూ అడుగుతాను, చిన్నప్పటి నుంచి అంతే. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించినప్పుడు కూడా పుస్తకాలైనా ఉంచుకుంటానని నవ్వుతూనే అడిగాను మా నాయనను. ఉంచుకోమన్నాడు. చెదలు పట్టేదాకా ఉన్నాయి కిష్టారెడ్డిపేటలో, మా ఇంటి అటక మీద. ఇప్పుడు ఏది దొరికితే అది చదువుతాను, మందుగోళీల అట్టలు, సబ్బు కాగితాలు, కంపెనీ పడేస్తే తెచ్చుకుని నీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ము మీద సగం గీకేసిన అక్షరాలు. డి, ఏ, ఎన్. మిగతాది గీకేశారు. ఏమై ఉంటుందో నాకు తెలుసు, అయినా ఆ డ్రమ్ములోనే నీళ్ళు పడతాం, అందరూ అంతే. వెంట్రుకలతో భయం పోతుందని ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే నా పుస్తకాల్లో లేదు, మిగతా సగంలో ఉందేమో, పదిలోనో ఇంటర్‌లోనో.

ఈయన కంపెనీకి గోడ అవతలి కంపెనీలో రియాక్టరు పేలి ఏడు నెలలు. పాపకు అప్పుడు పదకొండో నెల. రేకులు ఎగిరి మళ్ళీ వాటి చోటనే పడ్డాయి, గోడ మీది దేవుడి పటం పాప పక్కన పడి పగిలింది, ఒక్క గాజు పెంకు తగల్లేదు. అందరూ దేవుడే కాపాడాడన్నారు. కానీ ఆ రోజు నుంచి చప్పుడైతే చాలు, నిద్రలో ఉన్నా మెలకువలో ఉన్నా చేతులు రెండూ పైకి విసిరి, వేళ్ళు విప్పి, కొయ్యలా బిగుసుకుపోతుంది వర్ణిక. పెదవులు నీలంగా అవుతాయి. లెక్కపెడతాను, ఒకటి, రెండు, ఎనిమిది దాకా పోయిన రోజులున్నాయి, అప్పుడు గానీ ఏడుపు రాదు. ఏడుపు వినపడ్డాకే నేను ఊపిరి తీసుకుంటాను. సంగారెడ్డిలో డాక్టరమ్మ మెల్లగా పోతుంది, భయపడకు అంది. భయపడుతున్నది నేనా? అయిదున్నరకు మా వెనక కంపెనీ సైరన్, ఆరున్నరకు రోడ్డవతలి కంపెనీ సైరన్. ఆ రెండింటికీ నిమిషం ముందే పాపను ఒళ్ళోకి తీసుకుని రెండు చెవులూ మూస్తాను. ఏడు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. పేలిన రోజు ఈయన ఆ గోడకు ఇవతల, ఇరవై అడుగుల దూరంలో డ్యూటీలో ఉన్నాడు. జుట్టంతా సిమెంటు దుమ్ముతో ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకు తిన్నాడు. ఒక్క మాట చెప్పలేదు. ఎంత గట్టి మనిషి అనుకున్నాను.

"గట్టోడే" అంటుంది మా అత్తమ్మ ముత్యమ్మ, ఎప్పుడడిగినా. "వాడు ఏడాది పిల్లగాడున్నప్పుడు గుడ్డెలుగోళ్ళు అస్తుండె మన దిక్కు. దాని మీద కూసోవెట్టిన. సాటెడు జొన్నలు పోసిన. ఇంత వెంట్రుకలిస్తె తాయెత్తుల వెట్టి కట్టిన. గప్పటి సంది భయమంటె ఏందో వానికి ఎర్కలేదు." ఇప్పుడు ఆ ఎలుగులాడించేవాళ్ళు రారు, ఎలుగులను సర్కారోళ్ళు తీసుకుపోయారు. తాయెత్తులు అమ్మే అతను పటాన్‌చెరు సంతలో కనబడితే అడిగాను, ఇచ్చాడు, ఇంటికి తెచ్చి చూస్తే అది బ్రష్షు పోగు, నిప్పు పెడితే ప్లాస్టిక్ వాసన. అత్తమ్మ ఆ రాగి తాయెత్తును కడిగి దాచింది. ఇదిగో, ఇప్పుడు పొయ్యి పక్కన పీట వేసుకుని దాన్నే చింతపండుతో తోముతోంది. ఆమె కొడుకు గుట్ట మీద ఉన్నాడు, ఆమె తాయెత్తు తోముతోంది. ఆమెను అంటానేంది, నేను అడిగాను, ఆమె తోముతోంది, అంతే తేడా.

ఐదూ ఐదు. ఈ పాటికి పాపకు బుక్కలు పెట్టే వేళ. ఫోనులో వీడియో పెడితే గానీ నోరు తెరవదు. ఏ పాటలూ బొమ్మలూ నచ్చవు, దానికి ఒక్కటే కావాలి, మంచుదేశంలో ఎలుగు వేట. ఈయన ఎప్పుడో చూస్తుంటే అలవాటైంది. ఒక గిన్నె అన్నానికి ఒక ఎలుగు, సరిగ్గా సరిపోతుంది. ఎటు చూసినా తెలుపే, చెట్టు లేదు, ఇల్లు లేదు, దారి లేదు. రేకుల కింద కూర్చుని చూస్తుంటే ఆ మంచు నా మెడ మీద పడుతున్నట్టే ఉంటుంది. కుక్కలు లాగే బండి మీద ఇద్దరు. ఎర్రముఖం పొడుగాటాయనది తుపాకీ, సరదా కూడా ఆయనదే. రెండో మనిషి పొట్టి, బొచ్చుటోపీలోంచి కళ్ళు మాత్రం కనిపిస్తాయి, ఆయన దారి చూపే మనిషి. రెండో బుక్కకు అడుగుల గుర్తులు దొరుకుతాయి. పొట్టి మనిషి వంగి, చేతి తొడుగు తీసి, ఆ గుర్తులో వేలు పెట్టి చూస్తాడు. అయిదో బుక్కకు గాలి ఎటుందో చూడ్డానికి మంచు పొడి ఎగరేస్తాడు. తొమ్మిదో బుక్కకు ఎలుగు లేస్తుంది, మనది నలుపు, అది మట్టిరంగు, గుట్టంత ఉంటుంది, గ్రిజ్లీ అని కింద ఇంగ్లీషులో రాసి ఉంటుంది, కూడబలుక్కుని చదివాను. తుపాకీ ఎత్తగానే సౌండు తీసేస్తాను, పాప దడుసుకుంటుందని. ఆ తుపాకీ చప్పుడు నేను ఇప్పటిదాకా వినలేదు. పొగ కనిపిస్తుంది, ఎలుగు పడుతుంది, పాప నమలుతుంది. ఆ తర్వాతే అసలు సంగతి. పొడుగాటాయన నవ్వుతూ అడుగు వేయబోతే పొట్టి మనిషి చెయ్యి అడ్డం పెడతాడు. మంచుగడ్డ తీసి దాని మీదికి విసురుతాడు. ఆగుతాడు. ఇంకోటి విసురుతాడు. ఇంకా ఆగుతాడు. ఆఖరికి తానొక్కడే వెనక నుంచి పోయి, పొడుగు కర్రతో దాని కంటి దగ్గర ముట్టి చూస్తాడు. పడ్డదాన్ని నమ్మొద్దని చెప్పడమే అది, భాష రాకున్నా నాకు తెలిసింది. చివర ఫొటోలో పొడుగాటాయన ఉంటాడు, ఎలుగు ఉంటుంది. దారి చూపిన మనిషి ఉండడు. ఫొటో తీస్తున్నది ఆయనేనేమో అనుకుంటాను ప్రతిసారీ. నోరు కడిగేటప్పుడు ప్రతిసారీ అదే అనుకుంటాను.

ఈయన ఆ వీడియో చివరిదాకా ఎన్నడూ చూడలేదు. షిఫ్టు దిగి వచ్చి, గోడకు ఆనుకుని, అడుగుల గుర్తులు దొరికేలోపే నిద్రపోతాడు. రాళ్ళు విసరాలని తెలియదు ఆయనకు. కంటి దగ్గర ముట్టి చూడాలని తెలియదు. పడగానే పోతాడు, ఫారెస్టోళ్ళు చేరేలోపే రెండు పీక్కుందామని పోతాడు, వాళ్ళు చూస్తే ఒప్పుకోరు కాబట్టి జల్దీ జల్దీ పోతాడు, సగం మత్తులో ఉన్న దాని దగ్గరికి. చెప్పాలి. వెంట్రుకలు వద్దు, ఏమీ వద్దు, వెనక నిలబడు అని చెప్పాలి. వేలు ఆయన పేరు మీద పెట్టాను, తీశాను. మోగితే? డప్పు చప్పుడు పెట్టుకున్నాడు ఫోనుకు. మిషన్ల నడుమ వినపడాలని, సూపర్‌వైజరు డబుల్ డ్యూటీకి పిలిచినప్పుడు ఎత్తకపోతే తెల్లారి గేటు దగ్గరే ఆపేస్తాడని, ఎప్పుడూ గట్టిగా ఉండేటట్టే పెడతాడు. గుండ్ల సందులో, దానికి అయిదారు అడుగుల దూరంలో, ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు జేబులో డప్పు మోగితే? సూది తగలకముందే మోగితే? తగిలి పడుకోబోతుంటే మోగితే? మెసేజ్ పెడితే? దానికీ టింగుమంటుంది, మళ్ళీ ఆయన తీసి చదువుతాడా, ఎలుగు ముందు కూర్చుని? ఎటు తిప్పినా నేను చేసేదే ఆయనకు తగులుతుంది. చేసినా నేనే, చేయకున్నా నేనే.

"ఏందే, ఫోనును గట్ల పిసుకుతున్నవ్? పాలొస్తయా దాంట్లకెల్లి?" అంది అత్తమ్మ.

"భయమైతుంది అత్తమ్మా."

"నీకెందుకు భయం? పోయింది వాడు గద."

"అందుకే."

ఆమె తోమడం ఆపింది. చింతపండు చేతులు అలాగే గాలిలో పట్టుకుని నా వైపు చూసింది, కోపంగా ఏమీ కాదు. "నేను అద్దన్న" అంది. "నువ్వు ఇనలేదు, వాడు ఇనలేదు. బూట్లు ఏసుకుంటుంటె అద్దు బిడ్డా అన్న. నీ ఎంట్రుకల ముచ్చట్ల నా ముచ్చట ఇనబడలె."

వద్దందా? నాకు నిజంగానే వినపడలేదు. తాయెత్తు తోముతున్నది ఆశతో అనుకున్నాను ఇంతసేపూ. చేతికేదో పని కావాలని తోముతోంది. నాకు పాప ఉంది ఒళ్ళో, ఆమె పాప గుట్ట మీద ఉన్నాడు. ఐదూ పదిహేను, ఐదూ ఇరవై. కంపెనీలు సాయంత్రం పూట వదిలే ఘాటు వాసన మొదలైంది, కిటికీ మూసినా వస్తుంది, రేకుకూ గోడకూ మధ్య సందులోంచి. గుట్ట మీద గాలి ఎటుందో. మంచు పొడి లేదు ఎగరేయడానికి, ఈ వాసనే ఉంది. ఎలుగుకు ఈ వాసనలో మనిషి వాసన తెలుస్తుందా? తెలియకపోతే మంచిదా, తెలిస్తే మంచిదా? ఈత పండ్ల కోసం దిగిందంటున్నారు, నర్సాపూర్ అడవిలో నీళ్ళు ఎండిపోయి దిగిందంటున్నారు. ఎందుకు దిగినా దానికి ఈ రోడ్డు, ఈ లారీలు, ఈ రేకులు ఏమీ తెలియవు. రాత్రంతా ఏ గోడ పక్కన నిలబడి ఉంటుందో. నొక్కాను. నొక్కానని నొక్కాకే తెలిసింది. రింగు పోతోంది. కట్ చేద్దామనుకున్నాను, వేలు కదల్లేదు, ఒక రింగు, రెండు, ఆరు, గుట్ట మీద డప్పు మోగుతూ ఉంటుంది, ఏడు, ఎత్తు, ఎత్తు, ఎత్తకు. మీరు డయల్ చేసిన చందాదారు సమాధానం ఇవ్వడం లేదని ఒకామె తెలుగులో చెప్పింది, తర్వాత హిందీలో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పబోతుండగా సైరన్ కూసింది.

చెవులు మూయలేదు. గడియారం వైపు చూడనేలేదు. ఏడు నెలల్లో మొదటిసారి. పాప చేతులు రెండూ పైకి లేచాయి, వేళ్ళు విచ్చుకున్నాయి, నా ఒళ్ళో కొయ్య అయిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, దాని వీపు నిమురుతున్నాను, అయిదు, ముఖం మీద ఊదుతున్నాను, ఆరు, ఏడు, గుట్ట వైపు నుంచి మనుషుల అరుపులు, ఎనిమిది, ఒకళ్ళవి కాదు, చాలామందివి, తొమ్మిది. అప్పుడు ఏడ్చింది. అత్తమ్మ లేచి తలుపు దగ్గరికి పోయి, గడియ మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే నిలబడింది. అరుపులు ఆగిపోయాయి. ఆగాక అరుపులే నయమనిపించింది. మోగిందే, నా ఫోను మోగిందే, అందుకే అరిచారు. పాపను భుజాన వేసుకుని నాలుగు అడుగులేస్తే అయిపోయే గదిలో అటూ ఇటూ తిరిగాను. తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తలుపు దాకా. రేపటి నుంచి దీన్ని ఎలా పెంచాలి అని ఒక ఆలోచన వచ్చింది, దాన్ని చెంపదెబ్బ కొట్టినట్టు తోసేశాను, మళ్ళీ వచ్చింది. జీపు పోయిన చప్పుడు వినిపించింది. దాని వెనక బండి, ఇనుప బోను ఎగిరెగిరి పడుతున్న మోత. పాపను నా గుండెకు నొక్కి పట్టుకున్నాను. ఆరు దాటింది. ఆరూ పది. ఆరూ ఇరవై అవుతుండగా తలుపు మీద రెండు దెబ్బలు, ఆయన ఎప్పుడూ కొట్టేటట్టే, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా.

అత్తమ్మే గడియ తీసింది. గడపలో నిలబడ్డాడు, మోచేతుల నిండా గీతలు, చొక్కా చిరిగింది, మనిషి నిండుగా ఉన్నాడు. తల నుంచి కాలి దాకా ఒకసారి చూశాను, మళ్ళీ కాలి నుంచి తల దాకా.

"ఫోను ఎందుకు చేసినవ్?" అన్నాడు. "సార్ అందరి ఫోన్లు జీపుల పెట్టించిండు. ఇప్పుడే సూసిన."

పాపను ఒళ్ళోకి దించుకుని కింద కూర్చున్నాను. జీపులో మోగింది. గంటసేపు నేను ఎలుగు చెవిలో మోగిందనుకున్న ఫోను జీపులో, సీటు మీద, ఉత్తగా మోగింది.

"దొర్కిందా?" అంది అత్తమ్మ.

"దొర్కింది. నర్సాపూర్ అడివిల ఇడుస్తరట."

"గది కాదురా. ఎంట్రుకలు."

ఆయన బూట్లు విప్పుకోకుండానే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "తేలె" అన్నాడు. నాతోనా అత్తమ్మతోనా తెలియకుండా చెప్పాడు. "సూది దిగినంక పావుగంట ఆగినం. పశువుల డాక్టరు రాళ్ళేసి సూసిండు. కదలలె. వల కప్పేటప్పుడు నేను ఈపు మీద చెయ్యి ఏసిన. కాలిన రేకు లెక్క ఏడిగ ఉండె. ఏళ్ళ నడుమ వెంట్రుకలు పట్టుకున్న, ఇగ గుంజుడే. గప్పుడు సైరన్ కూసింది."

"లేశిందా?" అంది అత్తమ్మ.

"లేవనీకె పానం ఏడుంది దానికి? మత్తుల ఉంది, కండ్లు మాత్రం తెరుసుకునే ఉన్నయి. సైరన్ కూయంగనే ముంగటి కాళ్ళు రెండు పైకి లేపింది. ఇగో ఇట్ల. గోర్లు ఇప్పుకొని. అందరు ఒర్రుకుంట ఎన్కకు ఉరికిండ్రు. అది మీదికి వస్తలేదే అమ్మా. మన వర్ణి లెక్క బిగుసుకపోయింది. నా చెయ్యి కింద గజగజ వణికింది. ఇడిసిపెట్టిన."

"గుడ్డెలుగుకు భయమా?" అంది అత్తమ్మ. "అగో, ఏం చెప్పవడితివిరా." కానీ ఆ గొంతులో ఎప్పటి గట్టిదనం లేదు. తాయెత్తును కొంగుతో తుడిచి, ఖాళీదాన్నే కొంగుకు ముడివేసుకుంది.

ఆయన గడియారం వైపు చూసి లేచాడు. "ముఖం కడుక్కొస్త" అన్నాడు. డ్రమ్ము తలుపు బయట ఉంటుంది, ఈ వేళకు ఇంట్లో ఉంటే ఆయన ఎప్పుడూ డ్రమ్ము దగ్గరే ఉంటాడు, చెంబుల కొద్దీ నీళ్ళు ముఖాన కొట్టుకుంటూ.

"కడుక్కోకురా" అంది అత్తమ్మ. "దాన్ని ముట్టిన చెయ్యన్న పిల్ల మీద పెట్టు."

"ఒక్క నిమిషమే అమ్మా, అస్త."

"పెట్టి పోరాదు" అన్నాను నేను, ఈసారి నవ్వకుండా. మణికట్టు పట్టుకుని కిందికి లాగాను. కూర్చున్నాడు. పాప ఒళ్ళోనే మళ్ళీ కునుకు తీసింది. గీతలు పడిన ఆ చేతిని పాప ఛాతీ మీద పెట్టాను, పైన నా చెయ్యి పెట్టాను. మట్టి వాసన, మేకల దొడ్డి లాంటి వాసన. ఆయన తలుపు వైపే చూస్తున్నాడు. అప్పుడు రోడ్డవతలి సైరన్ కూసింది.

పాప చేతులు పైకి లేచాయి. అది నాకు తెలుసు. కానీ నా చేతి కింద ఆయన చెయ్యి కూడా ఎగిరింది. తలెత్తి చూశాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, మెడ భుజాల్లోకి దిగిపోయింది, దవడ బిగుసుకుంది, సిమెంటు దుమ్ముతో వచ్చి రెండుసార్లు అన్నం తిన్న మనిషి. ఏడు నెలలు, రోజుకు రెండు సైరన్లు, ప్రతిసారీ నా కళ్ళు పాప మీదే ఉన్నాయి, ఆయన ముఖం నీళ్ళలో ఉంది. తలుపు దగ్గర నిలబడిన అత్తమ్మ కూడా చూసింది, చూసి గోడ వైపు తిరిగింది.

పాప ఒక చెవిని నా రొమ్ముకు అదిమి, రెండో చెవి మీద ఎడమ చెయ్యి పెట్టాను. కుడి చెయ్యి తీసి ఆయన చెవి మీద పెట్టాను. సైరన్ ఇంకా కూస్తూనే ఉంది.